తుప్పు పట్టని చోటు

నీళ్ళు ఇంకా మరగలేదు. కుంపటి మీద పొడవాటి రేకు తొట్టి, తొట్టిలో పట్టి దాచుకున్న వాననీళ్ళు, అడుగున అప్పుడప్పుడే లేస్తున్న చిన్న చిన్న బుడగలు. మంగరాజు ముక్కాలి పీట మీద కూర్చుని నీళ్ళకేసే చూస్తున్నాడు గానీ చెవులు మాత్రం ప్లైవుడ్ గోడకి అవతల ఉన్నాయి. అవతల శంకర్ ఉన్నాడు. ముందు భాగంలో వాడి సెల్‌ఫోన్ తొడుగుల కొట్టు, వెనక భాగంలో ఇతని రిపేరు షాపు, మధ్యన ఈ ప్లైవుడ్. ఇక్కడ ఒకడు తుమ్మితే అక్కణ్ణించి రెండోవాడు చిరంజీవ అనేటంత పలచన. శంకర్ కూనిరాగం తీస్తున్నాడు. ఇన్నేళ్ళుగా తీస్తున్నదే, తలా తోకా లేనిదే, కానీ ఇవాళ అది మరీ నిశ్చింతగా వినిపిస్తోంది. తప్పు చేసినవాడికి ఇంత నిశ్చింత ఎక్కణ్ణించి వస్తుంది, లేకపోతే తప్పు చేసినవాడే ఇలా రాగాలు తీస్తాడా, లోపల ఏమీ లేనివాడు ఊరికే ఉంటాడు గదా, పాడాల్సిన పనేమిటి? కరెంటు పోయి చాలాసేపయింది. ఫ్యాను ఆగిపోయిన గదిలో కుంపటి సెగకి బనియను వీపుకి అంటుకుపోయింది. తుపాకీ సొంతదారు ఊ సాన్ ట్వే గంటలో వస్తానన్నాడు. ఆ గంటే ఇప్పుడు నడుస్తోంది, నడవనని మొరాయిస్తూ నడుస్తోంది.

తుపాకీ గొట్టం బల్ల మీద తెల్లగుడ్డలో ఉంది. చూడకూడదనుకుంటూనే మళ్ళీ చూశాడు. ఎర్రగా, మెత్తగా, తుప్పు సమంగా పట్టింది, ఎలా పట్టాలో అలాగే పట్టింది, ఒక్కచోట తప్ప. నడిమికి కాస్త ఇవతల, అడ్డంగా, పక్కపక్కన మూడు మెరుపు చారలు. మూడు వేళ్ళు. తుపాకీ గొట్టానికి ఆ నల్లని నిగ్గు తేవడమంటే రంగు వెయ్యడం అనుకుంటారు జనం. రంగు కాదు, తుప్పే. గొట్టాన్ని గరుకు కాగితంతో నునుపు చేసి, చాకలి సోడా నీళ్ళలో ఉడికించి జిడ్డు వదిలించి, ఆపైన నూలు గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. పలచగా మందు పూసి చెమ్మగాలికి వదిలెయ్యాలి. తుప్పు పడుతుంది. ఆ తుప్పుని వాననీళ్ళలో ఉడకబెడితే ఎరుపు కాస్తా నలుపవుతుంది. సన్నటి ఇనపపీచుతో పైపొడి దులిపి మళ్ళీ మందు, మళ్ళీ తుప్పు, మళ్ళీ ఉడుకు. అలా పొర మీద పొర పడ్డాక వచ్చే నలుపు మనిషి జీవితకాలం నిలుస్తుంది. తండ్రి సత్యం నేర్పిన పని. చలిదేశాల్లో దీనికోసం ఆవిరి పెట్టెలు కట్టుకుంటారట, రంగూన్‌లో పాత బీరువాలో ఒక తడిగుడ్డ వేలాడదీస్తే చాలు, మిగతాది వానాకాలం చూసుకుంటుంది. కానీ చేతి చమురు తగిలిందా, తగిలినచోట తుప్పు పట్టదు. ఎవరో ముట్టుకున్నారు. నిన్న తొలిపూత మందు పూసి బీరువాలో పెట్టి తాళం వేశాక, ఆ తాళం తీసి, గొట్టాన్ని పట్టుకుని, మళ్ళీ తాళం వేశారు. దొంగ అయితే ఎత్తుకుపోయేవాడు. ఎత్తుకుపోలేదంటే వాడికి కావలసింది గొట్టం కాదు, గొట్టం ఇక్కడుందన్న సంగతి.

దలన్. ఆ మాటని మనసులోకి రానివ్వకూడదని పొద్దున్నుంచీ అడ్డం పడుతూనే ఉన్నాడు, అయినా వచ్చేసింది. పక్కింటి కబుర్లు పైవాళ్ళకి మోసేవాణ్ణి ఈ ఊళ్ళో దలన్ అంటారు. ఇప్పుడు ఆ మాట ఎవరూ గట్టిగా అనరు. ఒకసారి ఆ పేరు పడ్డవాడు ఇటువాళ్ళకీ పనికిరాడు, అటువాళ్ళకీ పనికిరాడు, పొద్దున్న టీ కొట్టు దగ్గర కనిపించినవాడు సాయంత్రానికి ఏమయ్యాడో తెలియని రోజులు. నిజానికి మంగరాజుకి అనుమానం రావడం కొత్త కాదు. కొత్తిమీర కట్ట కొన్నా మధ్యలో గడ్డి పెట్టారేమోనని విప్పి చూసే రకం. అలాగని కడుపులో దాచుకునే రకమూ కాదు, అనుమానం పుట్టిందంటే ఎవరో ఒకరి చెవిన వేసేదాకా అన్నం సయించదు. భార్య సుధామణి ఉన్నప్పుడు ఆమె చెవిన వేసేవాడు, ఆమె విని, ఊరుకోండి మీరూ మీ అనుమానాలూ అని వంటింట్లోకి పోయేది, అక్కడికి అది చల్లారేది. ఇప్పుడు సుధామణి లేదు. అందుకే పొద్దున్న, శంకర్ కొట్టు తెరవకముందే, ఫోన్ తీశాడు.

ఫోన్ తియ్యకుండా ఉండాల్సిందేమో. కానీ ఎలా ఉంటాడు, గొట్టం ఊ సాన్ ట్వేది, ఆయనకి చెప్పకపోతే రేపు ఏదైనా అయితే ముందు పోయేది ఆయనే. అదేమన్నా మామూలు తుపాకీయా, ఆయన తండ్రి నాటి మార్టినీ రైఫిలు. ట్రిగ్గర్ వెనకున్న ఇనప పిడిని కిందికి లాగితే నోరు తెరుస్తుంది, ఒక్క తూటా వేలితో పెట్టాలి, పిడి మూస్తే నోరు మూస్తుంది, పేలిస్తే అయిపోయింది, మళ్ళీ మొదటినుంచీ. దీంతో యుద్ధానికి బయల్దేరేవాణ్ణి ముందు పిచ్చాసుపత్రిలో చూపించాలి. దూరాన కాగితం మీద నల్లచుక్కని కొట్టడానికి తప్ప దేనికీ పనికిరాని వస్తువు. కానీ దానికి ఆ ఒక్క పని చెయ్యడం ఎంత బాగా తెలుసో. షూటింగ్ క్లబ్బులో ముసలివాళ్ళు వరసగా బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క తూటాకీ ఒక్కొక్క ప్రార్థన చేసినట్టు కాలుస్తుంటే చిన్నప్పుడు తండ్రి వెనక నిలబడి చూసేవాడు. ఆ మధ్య క్లబ్బు మూతపడింది, తుపాకులన్నీ ఒక గదిలో వేసి తాళం పెట్టారు, నూనె గుడ్డ తగలక ఈ మార్టినీ ఒళ్ళంతా పొక్కిపోయింది. ఈ ఏడు పెద్దవాళ్ళెవరో మాట సాయం చేసి మళ్ళీ అనుమతి తెచ్చారు, తడింజుట్ దీపాల పండుగ వెళ్ళాక ఒక మ్యాచ్, పాత ఒంటితూటా రైఫిళ్ళకి మాత్రమే. అనుమతి క్లబ్బు గోడల వరకే. పజుండౌంగ్ సందులో మంగరాజు బీరువాకి ఏ అనుమతీ లేదు. అందుకే ఊ సాన్ ట్వే పేలే భాగాలు తన దగ్గరే ఉంచుకుని గొట్టమూ, భుజానికి ఆనించే కర్రా మాత్రం తెచ్చాడు. కర్ర పని ముందే అయిపోయింది. తడిగుడ్డ పరచి పైన ఇస్త్రీపెట్టె ఆనిస్తే సొట్టలు వాటంతటవే ఉబికి పైకి వచ్చాయి, ఆపైన అవిసె నూనె అరచేత్తో రుద్ది రుద్ది పట్టించాడు. కర్రకి చేతి చమురు ఎంత మేలో గొట్టానికి అంత కీడు. గొట్టమూ కర్రా వేరు వేరుగా ఉంటే అది తుపాకీ కాదని ఊ సాన్ ట్వే అన్నాడు. తనిఖీకొచ్చేవాడు ఆ మాట వింటాడా?

తలుపు మీద గోరుతో తట్టిన చప్పుడు.

"బావా, టీ తెచ్చినాను. కుంపటి కాడ కూకుని సెమట్లు పట్టీసి ఎండిపోతావు, తలుపు తియ్యి."

గుడ్డ గొట్టం మీదికి లాగి, గొళ్ళెం తీసి, తలుపు బెత్తెడు తెరిచాడు. శంకర్ మొహం నవ్వుతోంది. నవ్వులో కళ్ళు మాత్రం మంగరాజు భుజం మీదుగా లోపలికి, బల్ల మీదికి పోయాయి. పోయాయా, లేక తలుపు బెత్తెడే తెరిస్తే చూపు ఇంకెటు పోతుంది?

"ఏటయింది బావా, పొద్దుట్నుంచీ మొకం అలాగుంది?"

"ఏటీ నేదు. పని."

"ఆ గొట్టం ఎంతవరకు వొచ్చినాది?"

"వొస్తంది." గ్లాసు అందుకున్నాడు. అడగకూడదనుకుంటూనే వాడి కొడుకు సంగతి అడిగాడు. "సూర్య కబురేటి?"

"సూర్యా? మాండలేలో ఉన్నాడు గదేటి బావా, ఆళ్ళ మావయ్య కాడ. బాగానే ఉన్నాడట." శంకర్ కొట్లో ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ పిలవలేదు.

తలుపు వేశాక గ్లాసు బల్ల చివర పెట్టాడు. తాగాలనిపించలేదు. గొట్టం ఎంతవరకు వచ్చిందట. రోజూ అడిగేదే, రోజూ చెప్పేవాడే, ఏ పూట ఏ పని చేశాడో ఆ ప్లైవుడ్ సందులోంచి తనే వినిపించాడు, కానీ ఇవాళే ఎందుకడగాలి? మాండలే అంటాడు. పోయిన వారం పబేడాన్ బజార్లో తెలిసినావిడ కోటేశ్వరి కనిపించి, మీ శంకర్ కొడుకుని నది అవతల ట్వంటేలో పడవ దిగుతుంటే చూశానండీ, గడ్డం పెంచాడు, పలకరిస్తే మొహం తిప్పుకుపోయాడు అంది. కోటేశ్వరికి అబద్ధమాడాల్సిన అవసరం లేదు. కుర్రాళ్ళని నిర్బంధంగా సైన్యంలో చేర్చుకోడానికి చీటీలేసి పేర్లు లాగినప్పుడు సూర్య పేరు వచ్చింది, వీధంతా ఎరుగును. పేరు వచ్చిన కుర్రాళ్ళ ఇళ్ళకి మనుషులొచ్చారు, తల్లులు ఏడ్చారు, శంకర్ ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. రాకపోగా వార్డు ఆఫీసు మనిషి వచ్చి శంకర్ కొట్లో కూర్చుని టీ తాగి, కొత్త ఫోన్ తొడుగు పెట్టించుకుని పోయాడు. రెండుసార్లో మూడుసార్లో. ఎందుకూరికే? కొడుకుని వదిలేశారంటే బదులు ఏదో పుచ్చుకునే ఉంటారు. శంకర్ దగ్గర ఇవ్వడానికి ఏముంది, ప్లాస్టిక్ తొడుగులూ, ప్లైవుడ్ వెనకున్న స్నేహితుడూ. తండ్రి అన్నవాడు కొడుకు కోసం ఏదైనా చేస్తాడు. తనకి కొడుకుంటే తనూ చేసేవాడేమో. ఆ ఆలోచన వచ్చేసరికి కోపం కాస్త జారింది, జారినదాన్ని మళ్ళీ పట్టుకున్నాడు.

తాళం మాట ఉంది గదా. ఒక తాళంచెవి తన మొలతాడుకి, స్నానానికి కూడా తియ్యడు. రెండోది పైన మేడ మీద దుర్గమ్మ పటం వెనక. ఆ సంగతి తెలిసింది తనకి, అమ్మకి, శంకర్‌కి. ఒకసారి మొలతాడు తెగి తాళంచెవి ఎక్కడో పడిపోతే, పటం వెనక ఉంది బావా, నానెల్లి తెస్తాను అని వాడే మెట్లెక్కాడు. తండ్రి సత్యం తాతల నాటి నుంచీ గంజాం వైపు వాళ్ళందరూ తాళంచెవులు దేవుడి వెనకే పెడతారు, దేవుణ్ణి కదిపే ధైర్యం దొంగకి ఉండదని. దొంగ వేరు, స్నేహితుడు వేరు. నిన్న దసరా నవమినాడు తను మార్కెట్‌కి వెళ్ళాడు, గుమ్మడికాయకీ పువ్వులకీ. ఆ కాస్సేపూ ఇల్లు తెరిచే ఉంది. శంకర్ కొట్లో ఉన్నాడు. తిరిగొచ్చి లేతు మిషనుకీ, బల్లకి బిగించిన వైసుకీ, సుత్తులకీ, ఆకురాళ్ళకీ అన్నిటికీ తనే బొట్లు పెట్టాడు, గుమ్మడికాయ తనే కొట్టాడు, శంకర్ కూడా వచ్చి పక్కన నిలబడి హారతి కళ్ళకద్దుకున్నాడు. ఆ బొట్లు ఇంకా లేతు మీద ఎండిపోయి ఉన్నాయి. బీరువా మాత్రం తెరవలేదు. అప్పటికే ఆ మూడు వేళ్ళూ లోపల పడి ఉన్నాయన్నమాట. పట్టుకుని హారతికెలా వచ్చాడు? ఏ చెయ్యి, కుడిచెయ్యేనా? హారతికి చాపింది కుడిచెయ్యే గదా!

ఇదంతా పొద్దున్న ఫోన్‌లో చెప్పలేదు. ఫోన్‌లో పేర్లు చెప్పకూడదు. సామానుని ఎవరో చూశారు అన్నాడు. ఎవరు అన్నాడు ఊ సాన్ ట్వే. ముందు కొట్టు మనిషి, ఈ మధ్య నాతో అన్నీ అబద్ధాలే చెబుతున్నాడు, కొడుకు విషయంలో కూడా. తరవాత ఆయన మామూలు గొంతుతో, నువ్వేమీ అనకు కో రాజు, అతని సంగతి నేను కనుక్కుంటాను, గంటలో వస్తాను అన్నాడు. మామూలు గొంతే. అదే ఇప్పుడు చెవిలో తిరుగుతోంది. ఊ సాన్ ట్వే చెడ్డవాడేం కాదు, నవ్వుతాడు, తండ్రి తుపాకీ పేరెత్తితే కళ్ళు చెమరుస్తాయి. కానీ ఒకప్పుడు పెద్ద ఉద్యోగం చేసినవాడు. ఇప్పటికీ ఆయన కనుక్కుంటానంటే కనుక్కునే మనుషులున్నారు. కనుక్కున్నాక ఏం చేస్తారో మంగరాజు అడగలేదు.

కూనిరాగం మళ్ళీ మొదలైంది. వెంటనే, పిలవకుండానే, ఆ కరోనా వానాకాలం గుర్తొచ్చింది, ఊరంతా ఊపిరాడక చచ్చిపోయిన ఏడు. సుధామణి మంచం మీద కూర్చుని నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కుంటుంటే శంకర్ ఎక్కడెక్కడో తిరిగి, లైన్లలో నిలబడి, ఆక్సిజన్ సిలిండరు సైకిల్ రిక్షాలో వేసుకుని, జారిపోకుండా రెండు కాళ్ళ మధ్యా పట్టుకుని తెచ్చాడు. మెట్ల మీద భుజానికెత్తుకున్నాడు. అక్కా, వొచ్చీసింది, ఇంక బయం నేదు అన్నాడు. భయం లేకపోవడమేమిటి, రెండు రోజులే నిలిచింది ఆమె. దహనానికి బంధువులెవరూ రాలేని రోజుల్లో పక్కన నిలబడ్డవాడు శంకర్ ఒక్కడే. పని ఇచ్చేవాళ్ళకి తను రాజుగారు, బర్మావాళ్ళకి కో రాజు, అమ్మకి మంగా. బావా అని పిలిచేవాడు ఈ ఊళ్ళో వాడొక్కడే మిగిలాడు. అలాంటివాడి మీద, ఛీ. మంగరాజుకి ఏడుపొచ్చినంత పనైంది. కానీ మనసు ఎంత పాడుదంటే, ఆ ఏడుపు మధ్యలోనే మరో మాట అందించింది. ఎవరికీ దొరకని సిలిండరు వీడికెలా దొరికింది? అప్పుడు కూడా ఎవరితోనో పరిచయం ఉందన్నమాట. ఎవరితో? అనుకున్నాక తనని తనే అసహ్యించుకున్నాడు, అయినా అనుకున్నది పోలేదు.

నీళ్ళు మరిగాయి. గ్లవ్స్ తొడుక్కున్నాడు. గొట్టానికి రెండు చివర్లా బిగించిన కర్ర బిరడాలు పట్టుకుని లేపి, తొట్టిలోకి మెల్లగా దించాడు. ఈ క్షణం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు అతనికి. ఎర్రటి పొడి నీళ్ళలో కాస్త మసకేసి, చూస్తుండగానే గోధుమరంగు, ముదురు గోధుమ, తరవాత ఎక్కడా అంచు కనబడకుండా నలుపు. తండ్రి పక్కన కూర్చుని, చూడరా, చెడిపోవడం ఆగిపోయింది అనేవాడు. నలుపు వచ్చింది. మూడు చారలు మాత్రం తెల్లగా అలాగే ఉన్నాయి, నల్లటి దాని మధ్య ఇంకా తెల్లగా. మరింత దగ్గరికి వంగాడు. ఆవిరికి కళ్ళజోడు మసకబారితే తుడుచుకుని మళ్ళీ చూశాడు. పొద్దున్న చూసినప్పుడు తెలియలేదు. చారలు గొట్టం చుట్టూ పోలేదు. పట్టుకున్న చెయ్యి అయితే చుట్టూ పోవాలి, కిందవైపు బొటనవేలు పడాలి. బొటనవేలు లేదు. మూడు చారలూ పైవైపునే ఉన్నాయి, ఒక పక్కనుంచి మరో పక్కకి లాగినట్టు. నడిమి చార మిగతా రెండిటిలా తిన్నగా లేదు, సగంలో వంకరపోయింది. ఇలా ఎవరు పట్టుకుంటారు? గొట్టాన్ని ఇలా నిమిరేవాడెవడు?

మెట్ల మీద కర్ర చప్పుడు. అప్పలమ్మ దిగుతోంది, ఒక్కో మెట్టుకీ దుర్గమ్మని ఒకసారి తలుచుకుంటూ. ఎనభై దాటిన మనిషి, చూపు సగమే ఆనుతుంది, అయినా కొడుకు మేడ ఎక్కి రాకపోతే తనే దిగుతుంది.

"ఒరే మంగా, పొద్దుట్నుంచి పైకి రానేదేట్రా. నుదురు బోసిగా ఉంది. ఇలా రా."

"అమ్మా, పనిలో ఉన్నాను."

"పని ఎక్కడికి పోద్ది. వొంగు."

వంగాడు. వంగకపోతే వదలదు. కొంగు ముడిలో తెచ్చిన విభూతిలో వేళ్ళు ముంచి, నుదుటి మీద ఈ చివర నుంచి ఆ చివరకి లాగింది. యాభై ఏళ్ళుగా లాగుతున్నదే. చల్లగా, గరుగ్గా. చూపుడువేలు తిన్నగా పోయింది, ఉంగరపు వేలు తిన్నగా పోయింది, రోట్లో పొత్రం కింద పడి ఎప్పుడో వంకరపోయిన నడిమివేలు సగంలో పక్కకి జారింది. మంగరాజు అలాగే వంగి ఉండిపోయాడు. గోడకి వేలాడే గడ్డం గీసుకునే అద్దంలో తన నుదురు కనిపించింది. తొట్టిలో గొట్టం కనిపించింది. రెండిటి మీదా ఒకటే రాత.

"అమ్మా." మెల్లిగా నడుమెత్తాడు. "బీరువా తీసినావేటి?"

అప్పలమ్మ తప్పు దొరికిన పిల్లలా చూపు తిప్పుకుంది, వెంటనే తేరుకుని గట్టిగానే అంది. "తీసినాను. అయితే ఏటి? సుత్తికి బొట్టు, ఆకురాయికి బొట్టు, అసలు ఆయుదానికి నేదు. ఆయుద పూజ అని పేరెందుకురా మరి? అడిగితే అది మనది కాదన్నావు. పండగపూట మన ఇంట్లో ఉన్నది మనది కాకపోతే ఎవరిది? బొట్టు నేని ఆయుదం మంచిది కాదు. దీపం సెమ్మెలో నూనిలో యేళ్ళు ముంచి, మూడు గీతలు రాసి, బొట్టెట్టి దండవెట్టుకున్నాను. మళ్ళీ నువ్వు సూస్తే అరుస్తావని కొంగుతో తుడిసీసాను." కాస్త ముందుకి వంగి తొట్టిలోకి చూడబోయింది. "ఏమి, కనపడతందేటి?"

"తాళం?"

"పటం ఎనకాల ఉన్నాది గదా. పటం తుడిసేది నానే గదా."

అవును, పటం తుడిచేది ఆమే. తాళం సంగతి తెలిసినవాళ్ళని లెక్కపెట్టినప్పుడు అమ్మ పేరు కూడా తనే అనుకున్నాడు, అనుకుని, తలుపుని లెక్కపెట్టినట్టు, మెట్లని లెక్కపెట్టినట్టు దాటిపోయాడు. నవ్వు వచ్చింది. అయినా ఇంకా ఒకటి మిగిలి ఉంది, దాన్ని పట్టుకుని వేలాడాడు, తను పూర్తిగా తప్పు కాలేదని ఎక్కడో ఒకచోట తేలాలి గదా.

"శంకర్ నాతో అబద్దం ఆడినాడమ్మా. సూర్య మాండలేలో నేడు. ట్వంటేలో సూసారు."

"ఉస్స్." ముసలావిడ చెయ్యి ఠక్కున కొడుకు నోటి మీదికి వచ్చింది. విభూతి పెదవులకి అంటింది. "మెల్లిగా. ట్వంటేలోనే ఉన్నాడు. కుండలు సేసేవోళ్ళ కాడ మన్ను తొక్కుతన్నాడు. శంకరే దింపొచ్చాడు. ఆ ఆఫీసోడు వొచ్చినప్పుడల్లా టీలు పోసి, తొడుగులిచ్చి, మాండలే మాండలే అని ఏడవకుండా సెప్తన్నాడు. నా కాడ కూకుని ఏడిసినాడు."

"నాకెందుకు సెప్పనేదు?"

"నీకు సెప్పొద్దన్నాడు." అప్పలమ్మ కొంగు ముడి మళ్ళీ బిగించుకుంది. "బావ మంచోడే అత్తా, గానీ కడుపులో ఏదీ దాసుకోనేడు అన్నాడు."

ఫోన్ ఎక్కడ? బల్ల కింద, గుడ్డల్లో. చేతులు గ్లవ్స్‌లో ఉన్నాయని మరిచిపోయి నొక్కాడు, అద్దం పలకలేదు, పళ్ళతో గ్లవ్ లాగి పారేసి మళ్ళీ నొక్కాడు. కరెంటు పోయినప్పుడల్లా సిగ్నల్ కూడా పోతుంది ఈ సందులో. పోయింది. కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి, మెట్ల మీదికి. ఒక్క గీత రాలేదు. ఏమీ కాలేదు, రండి, మీ గొట్టం క్షేమం, మా అమ్మ బొట్టు పెట్టింది, అంతే చెప్పాలి. ఎంత చిన్న మాట, ఇదే పొద్దున్న వచ్చి ఉంటే! సందులో కారు ఆగిన చప్పుడు అయింది. కూనిరాగం ఆగింది.

ఊ సాన్ ట్వే ఒక్కడే లోపలికి వచ్చాడు. వెంట వచ్చిన కుర్రాడు, మేనల్లుడట, శంకర్ కొట్టు దగ్గరే ఆగి ఫోన్ తొడుగులు ఒక్కొక్కటే తీసి చూస్తున్నాడు. మంగరాజు అంతా చెప్పేశాడు, బర్మా భాషలో తడబడుతూ, నూనె, బొట్టు, పండుగ, వంకర వేలు. ఊ సాన్ ట్వే ముందు నమ్మలేదు. అప్పలమ్మ చెయ్యి పట్టుకుని, మన్నించమ్మా అని, ఆ మూడు వేళ్ళూ గొట్టం పక్కన పెట్టి చూశాడు. అప్పలమ్మ ఏమీ అర్థంకాక, ఆయన కూడా దండం పెట్టుకుంటున్నాడనుకుని, మరోసారి బొట్టు పెట్టబోయింది. అప్పుడు నవ్వాడు. మనసారా నవ్వాడు. అమ్మ ఆశీర్వాదం ఉంటే గురి తప్పుతుందా అన్నాడు. మంగరాజు కూడా నవ్వాడు, ఒళ్ళంతా తేలికైపోయింది, అయిపోయింది, దాటిపోయింది అనుకున్నాడు.

"సరే, అది తేలింది," అన్నాడు ఊ సాన్ ట్వే కళ్ళు తుడుచుకుంటూ. "కానీ నువ్వు చెప్పావని దారిలో ఆ ముందు కొట్టతని గురించి ఒకరిని అడిగాను. కొడుకు మాండలేలో లేడంటున్నారు. పేరు వచ్చిన కుర్రాడట గదా. ఎక్కడున్నాడు?"

ప్లైవుడ్ అవతల ఏ చప్పుడూ లేదు. తొడుగులు తిరగేస్తున్న చప్పుడు కూడా ఆగింది. మంగరాజుకి నాలిక మీద విభూతి రుచి తెలిసింది.

"మాండలేలోనే ఉన్నాడు," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నేనే బస్సెక్కించాను. వాళ్ళ మావయ్య దగ్గరికి. దిగాక నాకే ఫోన్ చేశాడు."

"పొద్దున్న నువ్వే అన్నావు, అబద్ధాలు చెబుతున్నాడని."

"పొద్దున్న నాకు మతి లేదండీ. తుప్పులో గీతలు చూసి బుర్ర పాడైంది. మాటా మాటా అనుకుని ఉన్నాం, ఆ కోపం."

ఊ సాన్ ట్వే అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. గురి చూసేవాడి చూపు, తొందర లేనిది. తరవాత తలాడించాడు. నమ్మినట్టు తలాడించాడో, అర్థమైనట్టు తలాడించాడో తెలియలేదు. గొట్టాన్ని తొట్టిలోంచి తీయించి, ఆరబెట్టించి, తెల్లగుడ్డలో తనే చుట్టాడు. ఇంకా పొరలు పడాలండీ, ఆ చారలు నునుపు చేసి మళ్ళీ మొదలుపెట్టాలి, మ్యాచ్ వేళకి అందిస్తాను అన్నాడు మంగరాజు. ఉండనీ కో రాజు, కొన్నాళ్ళు నా దగ్గరే ఉండనీ అన్నాడాయన, చాలా మర్యాదగా. కర్ర కూడా తీసుకున్నాడు. వెళుతూ వెళుతూ అప్పలమ్మకి చేతులు జోడించాడు. కారు సందు దాటేదాకా మంగరాజు కదలలేదు.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. కుంపటి మీద నీళ్ళు ఖాళీగా మరుగుతున్నాయి. వెళ్ళి శంకర్‌కి చెప్పాలి. ఏమని చెప్పాలి? వాడు అంతా విన్నాడు, పొద్దున్న తనన్న మాటా ఊ సాన్ ట్వే నోట విన్నాడు, ఇప్పటి మాటా విన్నాడు. ప్లైవుడ్‌కి అటువైపు కుర్చీ జరిగింది. అడుగులు. ఈసారి తలుపు మీద గోరుతో తట్టలేదు, తెరిచే ఉంది. శంకర్ గుమ్మంలో నిలబడ్డాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది, చేతులు లుంగీకి తుడుచుకుంటున్నాడు. శంకర్ బల్ల చివరికి వచ్చి, మీగడ కట్టి చల్లారిపోయిన టీ గ్లాసుని చూశాడు. తాగలేదని చూశాడు. గ్లాసు తీసుకున్నాడు.

"మాండలే బస్సు సంగతి," అన్నాడు నేలకేసి చూస్తూ. "మేలు సేసారు, రాజుగారూ."